సంతకం అడిగితే చెయ్యి చాపిన సిస్టరు

నేను నర్సింగు చదివేటప్పటి మా వార్డు సిస్టరు గారు పోయారని మొన్న మంగళవారం ఫోనొచ్చింది. చోడవరం నుంచి ఆవిడ చెల్లెలు చేసింది. "అక్క ఎల్లిపోయిందమ్మా, నిద్రలోనే" అంది. నేను బస్సులో ఉన్నాను. గోవాడ దగ్గర చెరుకు లారీలు అడ్డం పడి బస్సు ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు. నేను చేరేసరికి ఆవిణ్ని శ్మశానానికి తీసుకెళ్లిపోయారు.

తర్వాత సంతాప సభ పెట్టారు. మైకు పట్టుకున్న ప్రతివాడూ "సేవామూర్తి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నర్సుని మూర్తి అనడంలో ఒక సుఖముంది. మూర్తికి జీతం పెంచక్కర్లేదు, మూర్తి మాట వినక్కర్లేదు. ఆవిడ మూర్తి కాదండీ, పంతులమ్మ. మంచం పక్కన నిలబెట్టి పాఠం చెప్పిన పంతులమ్మ. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆసుపత్రిలో పని నేర్చుకోవాలి, క్లినికల్ పోస్టింగు అని మా నర్సింగు కాలేజీ ముప్పైమంది అమ్మాయిలని ఆవిడ వార్డుకి తోలింది. వెంట టీచరు లేదు. వార్డులో ఉన్నవి ఇరవై మంచాలు. ట్రాలీలు తోశాం, దుప్పట్లు మార్చాం, డాక్టర్లకి టీలు తెచ్చాం. దానికి శిక్షణ అని పేరు.

సిస్టరు గారి పద్ధతి వేరు. నలుగురిని ఒక మంచం దగ్గరికి తీసుకెళ్లి, చేతులు వెనక్కి కట్టుకోమనేవారు.

"ఏటి కనపడతంది, సెప్పండే."

"జ్వరం కేసు సిస్టర్."

"కేసు కాదే, మనిసి. మనిసిలో ఏటి కనపడతంది?"

ఆ మనిషి రోలుగుంట నుంచి వచ్చిన ముసలామె. మేం పుస్తకంలో ఉన్నవన్నీ అప్పజెప్పాం. సిస్టరు గారు చివరికి కంచం చూపించారు. "ఇడ్లీ ఇడ్లీలాగే ఉంది. నోట్లో పుండుంది, సూసేరా? ముందు కళ్లెట్టండి, తరవాత చెయ్యెట్టండి."

ముసలామె అందుకుంది. "ఈ గుంటలు నా గాజులు సూస్తన్నారు గానీ నోరు సూళ్లేదమ్మా."

పోస్టింగు అయిపోయే రోజొచ్చింది. మాకు రికార్డు బుక్కు ఉంటుంది. ఏ పని ఎన్నిసార్లు చేశామో రాసి వార్డు సిస్టరు చేత సంతకం పెట్టించుకోవాలి. లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. సీనియర్ల బుక్కులు చూసి మేమంతా రాసేశాం. సెలైన్ సూది పదిసార్లు గుచ్చినట్టు నేను రాశాను. ఒక్కసారీ గుచ్చలేదు. అప్పుడు అందరూ చేసిందే, ఇప్పటికీ చేస్తున్నదే.

ఆవిడ సంతకం పెట్టనన్నారు. ప్రిన్సిపాల్ వచ్చి ఆసుపత్రి యజమానితో మాట్లాడాడు. యజమాని ఆవిడతో మాట్లాడాడు. ఆ ఉద్యోగం పోతే ఆవిడ ఇంట్లో పొయ్యి వెలగదని మాకు తెలుసు. తెలిసీ మేం ఆవిడ మీదికే వెళ్లాం, ప్రిన్సిపాల్ మీదికి వెళ్లలేదు. ముందు నోరు చేసుకున్నది నేనే.

"మీ నీతి కోసం మా యేడాది పోవాలా సిస్టర్? మా నాన్న చెరుకు నరికి సదివిస్తన్నాడు."

"తెల్సే. పెట్టకపోతే మీరు పోతారు. పెడితే రేపు మీ ముందు పడుకున్నోడు పోతాడు. ఏటి సెయ్యమంటావు నన్ను?"

నేను బుక్కు ఆవిడ ముందుకి తోశాను. ఆవిడ ముప్పై బుక్కుల మీదా సంతకాలు చేశారు. చేసి, ఎడమ చేతిని బల్ల మీద చాపారు.

"పరీక్షలయ్యేదాకా డ్యూటీ దిగేక రోజూ ఇక్కడే ఉంటాను. వచ్చి నా నరం ఎతుక్కోండి. రాసిన అబద్దాన్ని నిజం సేసుకోండి."

ముగ్గురే వెళ్లారు. నేను వెళ్లలేదు. సంతకం వచ్చేసింది కదా. వెళ్లిన వాళ్లు చెప్పారు, ఆవిడ చెయ్యి మోచేతి దాకా నల్లగా కమిలిపోయిందట. "నేను గాబట్టి సరిపోయింది. బయటోడైతే తన్నేవోడు" అని నవ్వేవారట.

దీన్ని త్యాగం అని మాత్రం అనకండి. సూది గుచ్చి నేర్చుకోవడానికి ఒక రబ్బరు చెయ్యి కొనని కాలేజీ, ఒక టీచర్ని పంపని కాలేజీ, ఒక మనిషి చేతిని వాడుకుంది. అది సిగ్గుచేటు. ఆ సిగ్గులో నా వాటా కూడా ఉంది. నేను సూది గుచ్చడం నేర్చుకున్నది ఉద్యోగంలో చేరాక, దేవరాపల్లి నుంచి వచ్చిన ఒక బాలింత చేతి మీద. నాలుగుసార్లు తప్పాను. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

ఇప్పుడు నేనూ వార్డు సిస్టర్నే. నర్సుల సంఘం మీటింగుల్లో ఈ పోస్టింగుల మోసం మీద గొంతు చించుకుంటాను. పత్రికలకి రాస్తాను. అయినా ఆ బుక్కుల మీద సంతకాలూ పెడతాను. పెట్టనన్న ప్రతిసారీ ఎవరో ఒక తండ్రి తలగుడ్డ చేతిలో పట్టుకుని నా గుమ్మంలో నిలబడతాడు.

సభ జరిగిన మర్నాడు పోస్టింగు పిల్లలు నా బల్ల ముందు వరస కట్టారు. కిటికీ బయట కాలేజీ బస్సు హారన్ కొడుతోంది. సంతకం అయిన వాళ్లు అయినట్టే పరిగెడుతున్నారు. ఆఖర్న ఒకమ్మాయి మిగిలింది.

"తే గుంటా, బస్సెల్లిపోద్ది."

"ఇందులో రాసినవి నేను సెయ్యలేదు మేడం."

"ఎవరు మాత్రం సేసేరు? తే ఇలాగ."

తేలేదు. హారన్ ఆగలేదు. పెన్ను మూత తీసి చెయ్యి చాపిన నా ముందు, బుక్కుని రెండు చేతులా గుండెకి అదుముకుని, నా ముఖంలోకే చూస్తూ నిలబడిపోయింది.