కిటికీ అవతల ఫాదర్ బెనిగ్నో

ఫాదర్ బెనిగ్నోకి లోకంలో అన్నిటిమీదా అభ్యంతరమే. వాన పడితే అభ్యంతరం, ఆగితే అభ్యంతరం, వంటమనిషి ఉడికించిన మొక్కజొన్నలో ఉప్పు మీద అభ్యంతరం. ఇక సర్కారు బడి సంగతి చెప్పేదేముంది.

కొత్త ప్రభుత్వం ఎక్వడార్ బడుల్లోంచి మతాన్ని తీసేసి, పాద్రీలు గడప తొక్కకూడదని చట్టం చేసింది. ఫాదర్ దాన్ని తుచ తప్పకుండా పాటించాడు. గడప తొక్కలేదు. కుర్చీ తెచ్చి వీధిలో, బడి కిటికీని ఆనుకుని వేసుకున్నాడు.

లోపల పాఠం చెప్పే సోయిలాకి ఇరవై రెండేళ్ళు, రాజధానిలో శిక్షణ పొందివచ్చింది. ఏడెనిమిదులు యాభై ఆరు అనగానే కిటికీలో ఫాదర్ గొడుగు లేచేది.

"అభ్యంతరం, టీచరమ్మా."

"ఎక్కానికి అభ్యంతరమేమిటి ఫాదర్?"

"ఆ వేగమేమిటి? వెనకబల్ల వాళ్ళింకా ఏడైదుల దగ్గరే ఉన్నారు."

నదుల పాఠం రోజున, వాటినెవరు పుట్టించారో చెప్పలేదని గొడవ. అది ఆదివారం మీరే చెప్పుకోండంది సోయిలా. అలాగేలే అని గొణిగి, ఆ మూడో నది పేరు మళ్ళీ చెప్పమన్నాడు. ఈయనకి నాలుగు రోజులు జలుబైనా చేస్తే బాగుండునని, ప్రార్థనల మీద నమ్మకంలేని సోయిలా కూడా కోరుకుంది.

జలుబు చేసింది. సోమవారం కుర్చీ లేదు. పిల్లలూ లేరు. నలభైమందికి ఆరుగురు వచ్చారు. శుక్రవారం ఇన్‌స్పెక్టరు వస్తాడు. ముప్పైకి తగ్గితే బడికి తాళమే.

సోయిలా రొట్టెలు కాల్చే రొసౌరా ఇంటికి పరుగెత్తింది. ఆవిడ పిండి పిసుకుతూనే చెప్పింది.

"దేవుడి పేరెత్తని బడికి పిల్లనెలా పంపేదమ్మా? బిషప్ గారు వద్దన్నారాయె. ఫాదరే ఇంటింటికీ తిరిగి, 'పంపండి, నేను కాపలా ఉంటాను, ఆవిడ నోరు జారితే పట్టుకుంటాను' అని మాటిచ్చారు. ఇప్పుడు కాపలా ఎవరు?"

సోయిలా తిన్నగా ఫాదర్ మంచం దగ్గరికి వెళ్ళింది.

"శుక్రవారం వచ్చి కాస్త అభ్యంతరం చెప్పాలి ఫాదర్."

"నేను లేకపోతే నీకు హాయి కదా."

"హాయిగానే ఉంది. పాఠం ఎవరికి చెప్పాలో తెలియడం లేదు."

ముసలాయన చాలాసేపు దగ్గాడు. "ఆ రోజు ఏం చెబుతున్నావు?"

"భిన్నాలు."

"భిన్నాలా," అంటూ బూట్ల కోసం మంచం కింద తడిమాడు.

శుక్రవారం ఆయన రెండు కంబళ్ళు కప్పుకుని వీధిలో దగ్గుతూ నడవడం తల్లులందరూ చూశారు. తొమ్మిదయ్యేసరికి బళ్ళో ముప్పై ఎనిమిదిమంది. ఇన్‌స్పెక్టరు రెండుసార్లు లెక్కపెట్టి, కిటికీ వైపు చూసి మొహం చిట్లించాడు.

"ఆయనెవరు?"

"ఈ బడికి బద్ధశత్రువండీ," అంది సోయిలా, వేడి దాల్చినచెక్క నీళ్ళు కిటికీలోంచి అందిస్తూ.

ఇన్‌స్పెక్టరు నివేదికలో రాసుకున్నాడు: "పాద్రీల వ్యతిరేకత తీవ్రం. హాజరు జిల్లాలోకెల్లా ఎక్కువ."