గరిజెల తయారీలో కొట్టేసిన వాక్యం

తార్నాకలో మా ఇంటి కింది వాటాలో చాలా ఏళ్లు అద్దెకున్నావిడను నేను అక్కా అనేవాణ్ని. ఆమె నన్ను తమ్మీ అనేది. యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టల్ వంటగదిలో పని. దసరాకూ క్రిస్మస్‌కూ క్యాంపస్ క్వార్టర్స్ వాళ్లు గరిజెలు ఆమె చేతే చేయించుకునేవారు. వాటినే కొందరు కజ్జికాయలంటారు. ఆమె అచ్చు వాడేది కాదు. పూరీలో పొడి పెట్టి, సగానికి మడిచి, అంచును బొటనవేలితో జడ అల్లినట్టు మడుచుకుంటూ పోయేది.

అప్పట్లో నేను పత్రికలో ఆదివారం పేజీ చూసేవాణ్ని. ఒక దసరా ముందు ఆమె పక్కన కూర్చుని తయారీ అంతా రాసుకున్నాను. మైదాలో వేడి నెయ్యి పోసి కలపడం, పిండి మీద తడిబట్ట కప్పడం, నువ్వులూ ఎండుకొబ్బరీ వేయించడం. అక్కడ ఆమె నన్ను ఆపింది.

"గిది మంచిగ రాయి తమ్మీ. నువ్వులు, కొబ్బరి మొత్తం చల్లారినంకనే బెల్లం కలపాలె. వేడి మీద కలిపితే బెల్లం కరిగి తడి అయితది. నూనెల వెయ్యంగనే పలుగుతయ్."

రాసుకుని, కింద గీత కూడా గీశాను.

పేజీ కట్టే వేళకు ఒక ప్రకటన వచ్చిపడింది. నాలుగు వాక్యాలు తీయాలి. రోజూ చేసే పనే. చల్లార్చుకోవాలని ఎవరికి తెలియదులే అనుకుని ఆ వాక్యం కూడా కొట్టేశాను. ఫొటో కింద ఆమె పేరు మాత్రం ఉంచాను.

పండగ అయ్యాక క్వార్టర్స్‌లో ఒకామె ఆమెను నడిదారిలో ఆపిందట. "ఏందక్కా, పేపర్ల చూసి చేస్తే కడాయి నిండ బెల్లమే తేలింది. ఆర్డర్లు పోతయని అసలు కిటుకు దాచుకున్నవా?" పక్కనున్నవాళ్లు నవ్వారట.

ఆ సాయంత్రం పైకొచ్చి గుమ్మంలోనే నిలబడి ఈ సంగతి చెప్పింది. తర్వాత అడిగింది. "తమ్మీ, చల్లార్చుమని నేను చెప్పిన్నా, చెప్పలేదా?"

నోట్‌బుక్ నా బల్ల మీదే ఉంది.

"గుర్తులేదక్కా" అన్నాను.

"అయితే నేనే మరిచిన్నేమో" అని మెట్లు దిగిపోయింది.

తప్పు దొర్లితే సవరణ వేయడం పత్రికలో మామూలే. ఆ వారం వేయలేదు. పై వారానికి వేరే పనులు మీద పడ్డాయి. క్వార్టర్స్‌లో కొందరు ఆమెను పిలవడం మానేశారు. పిలిచిన ఇళ్లలో, చేసే ప్రతి పనినీ పైకి చెబుతూ చేసేదట, ఏదీ దాచడం లేదని తెలిసేలా. కూరలో ఉప్పు వేశానా అని హాస్టల్లో పక్కవాళ్లను రెండేసి సార్లు అడుగుతోందని కూడా విన్నాను. విని ఊరుకున్నాను.

రిటైరయ్యాక మౌలాలిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. మొన్న దసరాకు మా అమ్మాయి గరిజెలు నేర్చుకుంటానంటే పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. నువ్వులూ కొబ్బరీ వేయించి, పళ్లెంలో పరిచి, ఫ్యాను కింద పెట్టింది.

"ముందుగాల గిది రాసుకో బిడ్డా. చల్లారినంకనే బెల్లం. ఒకపారి పేపర్ల వేస్తమంటే గిదే చెప్పుడు మరిచిన. మీ నాయిన పేరు ఖరాబ్ చేసిన."

ఇన్నేళ్లూ ఆమె నా పేరు గురించి బాధపడుతూ ఉంది.

"నువ్వు మరవలేదక్కా. చెప్పినవ్. నేనే తీసేసిన. నువ్వడిగినప్పుడు అబద్ధం చెప్పిన."

ఆమె నా వైపు చూసి నవ్వింది. "నా తప్పు నీ మీదేసుకుంటవా తమ్మీ? ముసల్దాన్నయిన, గిప్పుడు బాధపడనులే."

ఆ నోట్‌బుక్ ఇంటికి రంగులు వేయించినప్పుడు పాత కాగితాలవాడికి పోయింది. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

"నిజం అక్కా."

"సరే తియ్" అని పళ్లెం నా ముందుకు జరిపింది. "వేలు పెట్టి చూడు, చల్లారిందా?"

అడుగున ఇంకా వెచ్చగానే ఉంది. అదే చెప్పాను. ఆ మాట నమ్మి, బెల్లం గిన్నె మీద మూత పెట్టింది.