వినే వంతు

రోవన్ ట్రెజైజ్ కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు కిల్పారాలో ఎవరూ లేరు. చర్చిలో కూడా వెనక తలుపు దగ్గర నిలబడి, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటూ ఉంటాడు. గోధుమలు నిలవచేసే ఎత్తైన సైలో నెత్తిన ఆరు రేడియోలు బిగించి చుట్టుపక్కల పొలాలన్నిటికీ ఇంటర్నెట్ అందించే మనిషికి ఆ మాత్రం తొందర మంచిదేనని ఊరు సరిపెట్టుకుంది. ఎవరింట్లో తెర మీద బొమ్మ ఆగినా, వాళ్లు ఫోన్ పెట్టేలోపే అతని పికప్ బయల్దేరి ఉంటుంది.

ఆ జూన్‌లో మాత్రం ఆ తొందర హద్దు దాటింది. కారణం క్లెమ్ లిండ్నర్, రోవన్‌కి చిన్నప్పుడు ఫుటీ అనే బంతాట నేర్పిన కోచ్. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు ఆయనది. కాళ్లు పోయాయి, చేతులు పోయాయి, ఇక గొంతేనని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. కూతురు ఇంగ్రిడ్ అంటార్కిటికా పరిశోధన కేంద్రంలో వంట చేస్తుంది. జూన్ అంటే ఆ దక్షిణాన నడి చలికాలం, అది గడిచేదాకా అక్కణ్ణుంచి ఓడ కదలదు, విమానం లేవదు. ఆమె వచ్చేసరికి తండ్రి ఉన్నా ఆయన మాట ఉండదు. మిగిలిందల్లా ఆదివారం సాయంత్రం వీడియో కాల్ ఒక్కటే.

"ఈయన బొమ్మ ఇంగ్రిడ్‌కి మసకమసగ్గా పోతోందంట. ఏదన్నా చెయ్యవయ్యా రోవన్" అంది క్లెమ్ భార్య వాల్.

చెయ్యకుండా ఉండగలడా? వాల్ వంటింట్లోనే నిలబడి ల్యాప్‌టాప్ తెరిచాడు.

సైలో మీద ఒక కట్టుబాటు ఉంది. ఆరు రేడియోలూ ఒకేసారి మాట్లాడాలి, అంటే ఇళ్లకి పంపాలి; ఒకేసారి వినాలి, అంటే ఇళ్ల నుంచి వచ్చేది అందుకోవాలి. ఉపగ్రహాల నుంచి వచ్చే గడియారం వాటికి పాటకి వేసినట్టు తాళం వేస్తుంది. రెప్పపాటులో ఎన్నోసార్లు ఈ వంతులు మారిపోతుంటాయి. జనం ఇంటర్నెట్‌లోంచి దింపుకునేది ఎక్కువ, పంపేది తక్కువ గనక మూడు పాళ్లు మాట్లాడే వంతు, ఒక పాలు వినే వంతు. రోవన్ ఏం చేశాడయ్యా అంటే, లిండ్నర్ల పొలం వైపు తిరిగిన ఒక్క రేడియోకి మాత్రం వినే వంతు రెట్టింపు చేశాడు. కోచ్ గొంతుకి దారి వెడల్పు చేశానని మురిసిపోయాడు. ఒకరికి ఎక్కువ పెట్టాడని తెలిస్తే మిగతావాళ్లు ఊరుకోరని, ఎవరికీ చెప్పలేదు.

మొదటికే మోసం వచ్చింది. ఆ ఆదివారం ఇంగ్రిడ్ మొహం ఇక్కడికి అద్దంలా వచ్చింది గానీ, క్లెమ్ మాట అక్కడికి ముక్కలు ముక్కలుగా పోయింది. "ఏంటి నాన్నా?" అని ఆమె రెండు మూడుసార్లు అడిగి, తర్వాత అడగడం మానేసి ఊరికే నవ్వుతూ కూర్చుంది.

రోవన్ కాలుగాలిన పిల్లి అయ్యాడు. ముందు సైలో మీద వాలే తెల్ల చిలకల మీద పడ్డాడు. గడియారం తీగని అవే కొరికి ఉంటాయని హోరుగాలిలో సైలో ఎక్కి తీగ మార్చాడు. పాత తీగ మీద గీత కూడా లేదు. లిండ్నర్ల కప్పు మీది డిష్ మార్చాడు. తిండి తింటూ లేచి వెళ్లి బిగింపులు తడుముకొచ్చాడు. వారాలు గడుస్తున్నాయి, ఉన్న కాస్త గొంతూ కరిగిపోతోంది, బాగుపడింది ఒక్కటీ లేదు.

"ఆయన మాట్లాడ్డమే మానేశాడు" అంది వాల్, గుమ్మం దగ్గర గొంతు తగ్గించి. "నా మాట దానికి అర్థం కావట్లేదు, ఊరికే దాన్నెందుకు ఏడిపించడం అంటాడు."

రోవన్ మళ్లీ సైలో ఎక్కాడు. ఏం చెయ్యాలో తోచక పక్క రేడియోలు ఒక్కొక్కటే ఆపి చూశాడు. ఒకటి ఆపగానే కోచ్ రేడియోకి కాస్త వినిపించింది. రెండోది ఆపితే ఇంకాస్త. అప్పుడు అర్థమైంది. కోచ్ రేడియో అదనంగా వింటున్న ఆ కాస్తసేపూ మిగతావి దాని పక్కనే నిలబడి అరుస్తున్నాయి. మాట్లాడ్డానికేం, బాగానే మాట్లాడుతోంది. దానికి చెవుడు తెచ్చింది మాత్రం ఎవరో కాదు, చేతులారా తనే.

పాత లెక్కకి మార్చేస్తే మళ్లీ మసకబొమ్మే. దారి వెడల్పు కావాలంటే ఆరింటికీ కలిపి వంతులు మార్చాలి. అప్పుడు ఊరందరికీ దిగేది తగ్గిపోతుంది, అదీ ఊరంతా తెర ముందు ఆట చూసే ఆదివారం ఫుటీ వేళకి. రోవన్ పికప్‌లో కూర్చుని, విత్తనాలు వేస్తున్న ట్రాక్టర్లన్నీ వినే టూవే రేడియో అందుకున్నాడు.

"అందరూ వినండి. ఆదివారం సాయంత్రం మీ స్పీడ్ తగ్గిస్తున్నా. ఫుటీ రాదు."

"ఎన్నడూ లేంది ముందే చెప్తున్నావేంట్రా? ఒంట్లో బాగుందా?" అన్నాడు గ్లెన్ అనే రైతు తన ట్రాక్టర్‌లోంచి.

"కోచ్ కోసం గ్లెన్. ఆయన గొంతింకా పోలేదు. ఇన్ని వారాలూ నేనే పాడుచేశా. తప్పు నాదే."



"మనోళ్లు ఎలాగూ ఓడేదేగా" అన్నాడు గ్లెన్. "కళ్లారా చూసి ఏడ్చే బాధ తప్పింది. మా స్పీడ్ తీస్కో."

"మా పిల్లవెధవలు ఒక్క పూటన్నా ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటార్లే" అని ఇంకో పొలం నుంచి ఒక తల్లి అందుకుంది.

ఆదివారం క్లెమ్ నోరు తెరవనని మొండికేశాడు. వాల్ బతిమాలితే మెల్లిగా, సాగదీస్తూ అన్నాడు. "అక్కడ... చలి... ఎలా ఉందే?"

తెర మీద ఇంగ్రిడ్ చేతిలో గరిటె జారి పడింది. "నాన్నా! నీ గొంతు... పోయిందనుకున్నా నాన్నా! అమ్మనడగాలంటే భయమేసి అడగలేదు!"

రోవన్ తెరకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "తప్పు నాది ఇంగ్రిడ్, నేనే..."

"పక్కకి... తప్పుకోరా" అన్నాడు కోచ్. "నీ మొహం చూడ్డానికా... అది కూర్చుంది?"

ఆ సాయంత్రం తండ్రీ కూతుళ్లు సూప్ గురించీ, కంచెల గురించీ మాట్లాడుకున్నారు. ఆట అయిపోయినా స్పీడ్ పెంచమని ఊళ్లో ఒక్కరూ అడగలేదు. తర్వాతి ఆదివారం కూడా అలాగే గడిచింది.

ఆ పై వారం క్లెమ్ పెదాలు కదిలాయి.

"వినిపించట్లేదు నాన్నా" అంది ఇంగ్రిడ్. "ఇంకోసారి చెప్పు."

ఆయన ఇంకోసారి కదిపాడు. వాల్ గబుక్కున రోవన్ వైపు తిరిగింది. "రేడియోయే కదూ?" అని అడిగింది, కళ్లల్లో ఆశంతా పెట్టుకుని.

రోవన్ ల్యాప్‌టాప్ చూశాడు. మళ్లీ మళ్లీ చూశాడు. ఆరు రేడియోలూ ఒకే తాళంలో ఉన్నాయి. ఈసారి కూడా తప్పు తనదే అయ్యుంటే ఎంత బాగుండేదనిపించింది.

"కాదు వాల్" అన్నాడు.