బయటి గొట్టమా, లోపలి పోర్టా

బచేలి ఇనుప గనిలో నీటి పైపులు చూసుకునే ఉద్యోగం నాది. చప్పుడు విని లీకు ఎక్కడుందో చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరు పెట్టింది కూడా నేనే.

తొమ్మిదేళ్ల మా అమ్మాయికి తరచూ రక్తం ఎక్కించాలి. గుచ్చి గుచ్చి చేతి నరాలు గట్టిపడిపోయాయి. మొన్నోసారి సూది తప్పితే అది ఏడవలేదు. అలవాటుగా రెండో చెయ్యి చాచింది. అది చూడలేక విశాఖ రైలెక్కాం.

డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. చేతిలోంచి గుండె దగ్గరి పెద్ద నరం దాకా సన్నటి గొట్టం వేయవచ్చు. దాని కొస బయట ఉంటుంది, తడవకూడదు, వారం వారం కట్టు మార్చాలి. లేదంటే మత్తిచ్చి ఛాతీ చర్మం కింద పోర్టు అనే చిన్న డబ్బీ అమర్చవచ్చు. అవసరమైనప్పుడే పైనుంచి సూది గుచ్చుతారు.

"ఇన్ఫెక్షన్ భయం రెండింటికీ ఉంది. బయట ఉండేదానికి ఎక్కువ," అన్నారు.

నేను గొంతు సవరించుకున్నాను. "పైపన్నది బయటుండాలండి. పూడ్చేస్తే రిపేరుకి తవ్వుకోవాలి." వాల్వుల దాకా వెళ్లాను. పాపం, ఆయన విన్నారు.

"ఏటండీ," అంది మా ఆవిడ, "మనూర్లో ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి తెల్లగుంతాదా? కట్టు మాత్రం ఉంతాదా?"

ఉండదు. ఇనుప దుమ్ముకి మా వీధిలో తెల్లకుక్క కూడా ఎర్రకుక్కే. అసలు సంగతేమిటంటే, ఆపరేషన్ అనగానే నాకు భయం వేసింది. ఆ భయానికి హెల్మెట్ పెట్టి ఇంజినీరుని చేశాను.

అమ్మాయి నన్ను దాటుకుని డాక్టరుగారినే అడిగింది. "లోపల పెడితే నీళ్లల్లో ఆడొచ్చా?"

"గాయం మానాక, సూది లేనప్పుడు ఆడొచ్చమ్మా."

"సూది ఒక్కసారే గుచ్చుతారా?"

"చాలావరకు ఒక్కసారే. ముందు మొద్దుబారే మందు రాస్తాం."

"అయితే లోపలిదే."

మా కొండ ఇనుము విశాఖ పోర్టుకి పోవడం రోజూ చూసేదే. పోర్టే రైలెక్కి మా ఇంటికి రావడం అదే మొదలు.

గాయం మానాక మొదటిసారి రక్తం ఎక్కించే రోజు నేను పక్కనే నిలబడ్డాను. గది నిశ్శబ్దంగా ఉంది. ఎవరో నా చొక్కా లాగారు.

"నాన్నా, అయిపోనాది. ఇంక కళ్లు తెరువు."