టీచరుగారి ఆరు మెట్లు

భీమడోలు స్టేషన్లో ఏలూరు పాసింజరు కోసం నిలబడి ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "టీచరుగారు పోయారన్నయ్యా, ఇందాకే." బండి వచ్చింది. ఎక్కలేదు. ఊరి బస్సు కోసం రోడ్డు మీదకి నడిచాను.

ఆరో తరగతిలో మాకు తెలుగు చెప్పారావిడ. చిన్నతనంలో పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. మూడు చక్రాల బండిలో బడికి వచ్చేవారు. ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చుకుని ఉండేది. మేం తప్పు రాస్తే దాన్ని కొట్టేసేవారు కాదు. పక్కనే ఒప్పు రాసి, "రెండూ చూసుకో, నీకే తెలుస్తుంది" అనేవారు.

కొల్లేటి అంచున ఉన్న ఊరు కాబట్టి మా ఇళ్ళన్నీ ఎత్తు మీద కట్టినవే. ఆవిడ ఇంటికి ఆరు మెట్లు. రోజూ వాళ్ళక్కే ఎత్తుకుని దింపేది. అక్క పోయాక, అప్పటికే రిటైరైన టీచరుగారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

వికలాంగుల ఇళ్ళలో మార్పులకి ప్రభుత్వం డబ్బు సాయం చేస్తుందని విని, ర్యాంపు కోసం దరఖాస్తు పెట్టారు. అది నేను గుమాస్తాగా ఉన్న ఆఫీసుకే, నా టేబులు మీదకే వచ్చింది. ర్యాంపు చాలా పొడుగు రావాలి, కొలతలు మళ్ళీ తీసి పంపండని ఇంజనీరుగారు ఫైలు వెనక్కి పంపారు. ఒక్క పూట పని. రేపు వెళదాంలే అనుకున్నాను.

"వానల్లోగా అయిపోతుందా అబ్బాయ్?" అని అడిగారు టీచరుగారు.

"రెండు వారాలండీ" అన్నాను. మళ్ళీ అడిగినప్పుడూ అదే చెప్పాను. మూడోసారి ఆవిడ అడగలేదు. కిటికీలోంచి కాలువ చూపించి, "నీళ్ళు నా ఇంట్లోకి రావడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదురా" అన్నారు.

ఆ ఏడు తమ్మిలేరు పొంగింది. వీధిలోవాళ్ళు చేపల చెరువుల గట్లు కాపాడుకోడానికి పొద్దున్నే వెళ్ళారు. వెనక్కి వచ్చే దారి మునిగిపోయింది. నేనూ తమ్ముడూ పడవ మీద ఆవిడ ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. నులక మంచం మీద కూర్చుని ఉన్నారు. నీళ్ళు నులకని తాకుతున్నాయి.

"మూడో మెట్టు మునిగాక గట్టిగా పిలిచాను. ఎవరికీ వినపడలేదు" అన్నారు. పడవలోకి దింపుతుంటే నా మొహంలోకి చూసి, "ఫైలు తడవలేదు కదా?" అని అడిగారు. అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

నీళ్ళు తీసిన మర్నాడే కొలతలు తీశాను. చలికాలానికి ర్యాంపు లేచింది. మొదటిరోజు ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా తనే బండి తోసుకుంటూ దిగారు. కాలువ ఒడ్డున చాలాసేపు కూర్చున్నారు. పిల్లలు మళ్ళీ చదువుకోడానికి వచ్చారు. కానీ వరద రోజు పట్టుకున్న దగ్గు ఆవిణ్ణి వదల్లేదు. ఏటా వానలకి తిరగబెట్టేది. ఈ ఏడు తీసుకుపోయింది. పెద్దవయసు కదండీ అన్నారు డాక్టరుగారు. ఆ మాట నాకు పనికిరాదు.

దహనం అయ్యాక వస్తుంటే, వీధి చివరింటి పెద్దాయన పై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. షుగరు వ్యాధికి మోకాలి కింద కాలు తీసేశారు. "ఏవండీ, కాగితం పెట్టానండీ. మా ఇల్లు చూడ్డానికి ఎప్పుడొస్తారండీ?"

"వచ్చానండీ" అన్నాను. టేపు తెమ్మని తమ్ముణ్ణి పంపాను.

తూర్పున చేపల చెరువుల మీద మబ్బు నల్లగా దిగుతోంది. గాలి ఆగిపోయింది. గట్ల మీది కొంగలన్నీ ఒక్కసారే లేచి ఊరివైపు రావడం మొదలుపెట్టాయి.