నేను మింగేసిన మాట

ఒడిశాలో, ఛత్రపూర్ కోర్టు గేటు పక్కన బల్ల వేసుకుని అర్జీలు రాయడం నా పని. ఈ ఒడ్డున చేపలు పట్టే మావాళ్ళు తమ గోడు తెలుగులో వెళ్ళబోసుకుంటారు, నేను దాన్ని ఒడియాలో ముక్తసరిగా పెడతాను. వల పోయిందని అర్జీ పెట్టుకోవడానికొచ్చిన మనిషి, ఆ రోజు పెళ్ళాంతో పోట్లాడి వేటకెళ్ళానని కూడా చెప్తాడు. అది కొట్టేయాలి. ఏ మాట పనికొస్తుందో, ఏ మాట చెరుపు చేస్తుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదని పొగరు ఉండేది. ఆ పొగరే మా అక్క కొంప ముంచింది.

అక్క అప్పటికి జిల్లా పరిషత్ సభ్యురాలు. అంతకుముందు మా ఊరి సర్పంచి. మా ఊరు హుమ్మ దగ్గర హైవే దిగి, ఉప్పుమడులు దాటి సముద్రం వైపు వెళ్తే వస్తుంది. ఆ విడత జిల్లా పరిషత్ అధ్యక్ష పదవి ఆడవాళ్ళకి రిజర్వయింది. మా పార్టీ తరఫున ఎవరిని నిలబెట్టాలో తేల్చడానికి భువనేశ్వర్ నుంచి ఒక పరిశీలకుణ్ణి పంపారు. చివరికి ముగ్గురు మిగిలారు. ఒకావిడ అస్కా వైపు చెరకు రైతుల ఇంటి కోడలు, వెనక బలగమూ బళ్ళూ ఉన్న మనిషి. ఇంకొకావిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్, మంచి మాటకారి. మూడో మనిషి మా అక్క. చేపలు పట్టుకు బతికే మా తెలుగువాళ్ళలోంచి ఆ కుర్చీ దరిదాపులకు వెళ్ళిన వాళ్ళు అప్పటిదాకా లేరు.

పరిశీలకుడు ఒక్కొక్కరి ఊరికీ వెళ్ళి, తనే జనాన్ని ఎంచుకుని అడుగుతున్నాడు. మా ఊళ్ళో పడవలు ఒడ్డుకొచ్చే వేళకి దిగాడు. ఎండు చేపలు ఆరేసిన చోట కుర్చీ వేయించుకుని, ఇంటి భాషలోనే మాట్లాడండి, మనసులో ఉన్నది అప్పుడే బయటికొస్తుంది అన్నాడు. ఆయనకి తెలుగు రాదు. ఒడియాలోకి మార్చి చెప్పడానికి పార్టీవాళ్ళు నన్ను చూపించారు. నేను ఆమె తమ్ముణ్ణని చెప్పాను. ఆయన నవ్వి, కోర్టు దగ్గర రాసే మనిషివి, మాట మార్చవులే అన్నాడు. అక్కని మాత్రం పక్కన నిలబడమన్నాడు, వినొచ్చు గానీ నోరెత్తకూడదు.

మొదటి అయిదుగురి మాటలూ నేను ఉన్నదున్నట్టే చెప్పాను. అన్నీ మంచి మాటలే, కష్టమేముంది. ఆయన పెన్ను ఆగకుండా నడుస్తోంది. ఆరో మనిషిగా, చేపలు తిరగేస్తున్న ఒక ముసలమ్మని పిలిచాడు. ఆవిడకి అక్క గురించి ఏం గుర్తుందో నాకు తెలుసు.

ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని మొదలుపెట్టింది. "తుఫాను రోజు షెల్టరు తాళం ఈ పిల్ల సంచిలోనే ఉండిపోనాది. తానేమో మీటింగుకి బరంపురం ఎల్లిపోనాది. గంటసేపు వానలో నిల్సున్నాం బాబూ. నా మనవరాలి పసిగుడ్డుని కొంగులో సుట్టుకుని తలుపు కాడ నిల్సున్నాను."

ఇంకా ఏదో చెప్పబోతోంది. నేను చెయ్యెత్తి ఆపాను. బల్ల దగ్గర ఎంతమందిని అలా ఆపానో, అలవాటైన చెయ్యి. పరిశీలకుడి వైపు తిరిగి, తుఫానప్పుడు సర్పంచిగా షెల్టరు విషయంలో చాలా శ్రద్ధ తీసుకుందని అంటోంది అన్నాను. ఆయన రాసుకున్నాడు.

ముసలమ్మ నా మొహంలోకి చూసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆవిడ నలభై ఏళ్ళు అస్కా సంతలో ఎండు చేపలు అమ్మిన మనిషి. ఆవిడ ఒడియా నా ఒడియా కన్నా పదును. అసలు ఆ ఒడ్డున ఒడియా రానివాళ్ళే లేరు. అయినా మావాళ్ళు నా ముందు తెలుగే మాట్లాడి మాట్లాడి, వాళ్ళకి నేను తప్ప గతి లేదనుకోవడం నాకు అలవాటైపోయింది.

ఆవిడ ఒడియాలో అందుకుంది. తాళం సంగతి, వాన సంగతి, పసిగుడ్డు సంగతి మొత్తం చెప్పింది. తర్వాత నేను చెప్పనివ్వని సగం చెప్పింది. హైవే మీద చెట్లు పడి బస్సు ఆగిపోతే అక్క ఆ గాలిలో ఉప్పుమడుల గట్ల మీద నడిచి వచ్చిందట. తలుపు తీసి, అందరి ముందూ తప్పు నాదేనని చేతులు జోడించిందట. తెల్లారి తాళం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టిందట. ముసలమ్మ రొంటిన దోపుకున్న తాళంచెవి తీసి ఆయనకి చూపించింది. అందుకే కుర్చీ ఈమెకే ఇవ్వమంటాను అంది. ఆపైన నా వైపు చూడకుండా ఇంకొక్క మాట చేర్చింది.

"ఆమె తప్పు దాచలేదు, తమ్ముడు దాచాడు."

పరిశీలకుడు నన్ను, నిజమేనా అని అడిగాడు. నిజమేనన్నాను. ఆయన కోప్పడలేదు, అది ఇంకా నరకం. పొద్దుట్నించి రాసిన కాగితాలన్నిటి మీదా అడ్డంగా గీతలు కొట్టాడు. మిగతా అయిదుగురి మాటల్లో ఏది వాళ్ళదో ఏది నీదో నాకెలా తెలుస్తుంది అన్నాడు. మళ్ళీ అందరినీ ఒడియాలో అడగమని పార్టీవాళ్ళు బతిమాలారు. ఇంట్లోవాళ్ళే అడ్డుపడిన చోట ఇంక అడగడానికేముందని కారెక్కాడు.

పదిరోజులకి అస్కా ఆవిడ పేరు వచ్చింది. చుట్టాలు ముసలమ్మని తిట్టబోతే అక్క ఒక్క కసురు కసిరింది. నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నం కూడా వడ్డించింది. నేను తల దించుకుని కలుపుతున్నాను. అప్పుడు మెల్లిగా అడిగింది.

"నా తప్పు ఊరందరి ముందర నానే ఒప్పుకున్నాను కదరా. దానికి నువ్వెందుకు సిగ్గుపడ్డావు?"

సిగ్గు కాదక్కా, నీ మంచికే అనబోయాను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది.