సీటు మీద నా సంచి

మా బిజినేపల్లిలో వనపర్తి బస్సు ఆగీ ఆగకముందే సగం సీట్లు నిండిపోతాయి. మనుషులతో కాదు, సామాన్లతో. తువ్వాలు, మొహం తుడుచుకునే దస్తీ, టిఫిన్ సంచి, ఏది చేతిలో ఉంటే అది కిటికీలోంచి సీటు మీద పడేస్తారు. తర్వాత నింపాదిగా ఎక్కి, తమ దస్తీ ఉన్నచోట కూర్చుంటారు. ఇంకొకరి తువ్వాలు జరిపి కూర్చునే ధైర్యం ఎవరికీ ఉండదు. తోసుకుని ఎక్కడం చేతకాని నాకు ఆ పద్ధతి పెద్ద వరం. వనపర్తి కాలేజీలో బీఈడీ చేరినప్పటి నుంచి నా గుడ్డ సంచి నాకంటే ముందే బస్సెక్కేది.

ఆ వారం ఎక్కడో దూరపు నగరంలో, బస్సులో బాంబు పేలింది. సీటు మీద వదిలేసిన సంచిలో పెట్టారని వార్తల్లో చెప్పారు. అమ్మ ఆ వీడియో ఫోన్లో మళ్లీ మళ్లీ చూసి, రెండు రోజులు నన్ను గడప దాటనివ్వలేదు. నా హాజరు అప్పటికే తక్కువగా ఉంది. ఇంకా తగ్గితే పరీక్ష రాయనివ్వరు. మూడో రోజు బతిమాలితే ఒప్పుకుంది.

"ఒక్కరోజు పోయి రా. బస్సుల జరంత ఏమన్న అయిందని తెలిసిందో, రేపటి సంది బంద్."

నాకూ భయంగానే ఉంది. ఆ సంగతి డైరీలో రాసుకున్నాను గానీ అమ్మతో అనలేదు.

బస్సు వచ్చింది. అలవాటు చొప్పున కిటికీలోంచి సంచి పడేశాను. అందరూ ఎక్కాక చివర నేను ఎక్కేసరికి లోపల గొడవ మొదలైంది.

"గీ సంచి ఎవరిది?" అంటూ ఒకాయన లేచి నిలబడ్డాడు. "ఎవరూ మాట్లాడరేంది?"

నాది. ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. బస్సంతా తలలు తిప్పి చూస్తుంటే నేను తల దించుకున్నాను. ఈలోగా ఎవరో "బాంబు" అన్నారు.

టికెట్ మిషను మెడలో వేసుకున్న కండక్టరమ్మ అరవలేదు. "ఎవరూ ముట్టొద్దు, ఉరుకొద్దు. ముందుగాల పిల్లలున్నోళ్లు దిగుర్రి. నెమ్మదిగ" అంది. డోరు దగ్గరున్న నన్ను వెనకవాళ్లు కిందికి నెట్టేశారు. క్షణాల్లో బస్సు ఖాళీ అయింది. నా సంచి పక్క సీటులో ఒక ముసలవ్వ మాత్రం మిగిలింది.

"నా మోకాళ్లు మీ లెక్క ఉరుకయి బిడ్డా," అంది అవ్వ. "జర ఆగుమని ఆ బాంబుకే చెప్పు."

కండక్టరమ్మ వెనక్కి వెళ్లింది. నా సంచికి వీపు పెట్టి నిలబడి, అవ్వ చెయ్యి తన భుజం మీద వేసుకుని, ఒక్కో అడుగే వేయించుకుంటూ తీసుకొచ్చింది. కింద నిలబడి కిటికీలోంచి అదంతా చూశాను. ఆ సంచిలో ఉన్నది పెరుగన్నం, గ్రంథాలయం పుస్తకం, డైరీ అని నాకు తెలుసు. ఆమెకు తెలియదు. ఆమె వీపు వెనక ఉన్నది, ఆమె వరకు, నిజంగా బాంబే.

డ్రైవరు ఫోన్ తీశాడు. "పోలీసోళ్లకు చెప్తున్న. ఇగ ఈ బస్సు గియ్యాల కదలదు."

అప్పుడు వెళ్లి కండక్టరమ్మ చెయ్యి పట్టుకున్నాను. "అక్కా... ఆ సంచి నాది."

"నోరు లేదా పిల్లా?" అన్నాడు మొదట అరిచినాయన. "పానం పోయినంత పనాయె!"

"ఉన్నది తియ్యి," అంది అవ్వ. "జర ఆలిశంగ తెరిచింది."

కండక్టరమ్మ నవ్వలేదు. "ఏమున్నది అండ్ల?"

"పెరుగన్నం. పుస్తకాలు."

"అందరి ముందట తెరిచి చూపియ్."

తెరిచి చూపించాను. అప్పుడు ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. సీసాలో నీళ్లన్నీ ఒక్క గుక్కలో తాగేసింది. భయపడని మనిషి అనుకున్నాను. కాదు, భయం అంతా లోపల పెట్టుకుని పని చేసింది.

ఇక ఎవరూ ఎక్కరనుకున్నాను. ఆమే ముందు ఎక్కింది. "వచ్చేటోళ్లు రార్రి, పొద్దెక్కుతుంది" అని, అవ్వకు చెయ్యి అందించింది. అవ్వ వెనక చంకన బిడ్డతో దవాఖానకు పోయే తల్లి, ఆ వెనక కూలికి పోయే ఆడవాళ్లు ఎక్కారు. అరిచినాయన కూడా గొణుక్కుంటూనే ఎక్కాడు. కాసేపటి కింద వణుక్కుంటూ దిగిన వాళ్లందరూ అదే బస్సులో, అవే సీట్లలో కూర్చున్నారు. దాన్ని ధైర్యం అని ఎవరూ అనలేదు. వనపర్తిలో పని ఉంది, అంతే.

సాయంత్రం నేను ఇల్లు చేరేలోపే కబురు చేరింది. "బస్సుల బాంబు సంచి దొరికిందంట. బంద్ అంటే బంద్" అంది అమ్మ.

"అమ్మా, ఆ సంచి నాదే."

అమ్మ నన్ను చూసింది, సంచిని చూసింది, తల పట్టుకుంది. అవ్వను ఎలా దించారో, మళ్లీ అందరూ ఎలా ఎక్కారో చెప్పాను. అంతసేపు నేను మాట్లాడటం అమ్మ ఎప్పుడూ వినలేదు. పొద్దున లేచేసరికి టిఫిన్ కట్టి ఉంది.

ఆ రోజు బస్సు ఆగగానే ఎప్పటిలాగే కిటికీల్లోంచి సామాన్లు పడ్డాయి. కానీ కండక్టరమ్మ ఎవరినీ ఎక్కనివ్వకుండా డోరులో నిలబడి ఒక్కొక్కటే అడిగింది.

"ఎర్ర తువ్వాలు?"

"నాది!"

"టిఫిన్ సంచి?"

"నాదే అక్కా!"

"గుడ్డ సంచి?"

"నాది" అన్నాను.

"ఇనవడలే."

"నాది!" అని అరిచాను. జనం నవ్వుతూ నాకు దారి ఇచ్చారు.